గ్రీన్‌లాండ్ మీదుగా దగ్గరి దారి

దారం జారకుండా గుమ్మడికాయ మీద బొటనవేలితో అదిమిపట్టింది చిక్కమ్మే కదా, ఆ వేలి మీదే స్కేలుతో కొట్టాడే బడుల ఇన్‌స్పెక్టరు, ఎంత వాచిందో ఏమో, మూడు రోజులుగా పిల్ల బడికి రాలేదు, తాను మాత్రం ఇక్కడ చిక్కబళ్ళాపురంలో ఆయన కచేరి వరండా బెంచీ మీద కూర్చుని ఉంది మునివెంకటమ్మ, చింతామణి బడి టీచరు, ఒళ్ళో గుమాస్తా కన్నడంలో రాసిచ్చిన క్షమాపణ కాగితం, పిల్లలకు తప్పు పాఠం చెప్పినాను, ఇకమీద చెప్పను, కింద సంతకానికి చోటు, పెట్టకపోతే ఉద్యోగం ఈ రోజుతో సరి, ఏం తప్పు, కోపెన్‌హేగన్ నుంచి అమెరికాలో లాస్ ఏంజెలస్‌కు విమానం గ్రీన్‌లాండ్ మంచు మీదుగా పోతోందని పేపర్లో పడింది, అంత పైకి యెందుకమ్మా సుట్టుకొని పోయేది, పటంలో నేరుగా పోతే సాలదా అని అడిగింది చిక్కమ్మ, మంచి ప్రశ్న, బడిలో గోళం లేదు, ఇంట్లోంచి గుండ్రటి గుమ్మడికాయ తెచ్చి, బొగ్గుతో రెండు ఊళ్ళకు రెండు చుక్కలు పెట్టి, దారం బిగించి లాగితే దారం తనంతట తానే పైకి, గ్రీన్‌లాండ్ వైపుకు జరిగింది, గుండ్రటి దాని మీద అదే దగ్గరి దారి, పిల్లలంతా ఓ అని అరిచారు, ఆ అరుపుకే కదా లోపలికొచ్చాడు ఆయన, ఇది బడా, కూరగాయల అంగడా అన్నాడు, గోడ పటం మీద స్కేలు పెట్టి, ఇదే దగ్గరి దారి, చెప్పు అన్నాడు, కాదు సార్, అది దూరం అంది చిక్కమ్మ, దెబ్బ పడింది, అయినా దూరమే సార్ అంది, అని తనవైపు చూసింది.

అప్పుడు తనేం చేసింది, చీర కొంగు సర్దుకుంది, అంతే.

సంతకం పెట్టేసెయ్యమ్మా అంటున్నాడు పక్కనున్న నాయన బయ్యప్ప, బాగేపల్లి దగ్గర పొలంలో పని ఆపుకుని వచ్చాడు, ఆ విమానం యెట్ల పోతే మనకేమి, మనమేమన్నా ఎక్కేదుండాదా, అవును నాయనా, ఎక్కేది లేదు, చిక్కమ్మ కూడా ఎక్కదేమో, ఎక్కనివాళ్ళకు అబద్ధం చాలంటావా, భూమి గుండ్రంగా ఉండేది టికెట్టు కొన్నవాళ్ళకేనా, పదమూడేళ్ళ పిల్ల దెబ్బ తిని కూడా మాట మార్చలేదే, నేను ముప్పై ఏళ్ళదాన్ని, కలం పట్టుకుని ఎవరికి భయపడుతున్నాను, నాయనా, నువ్వు బస్టాండుకు పద, నేను వస్తా అని లేచింది, తలుపు తోసింది, కాగితం సంతకం లేకుండానే ఆయన బల్ల మీద పెట్టింది, ఆ పిల్ల చెప్పిందే సరి సార్, ఇంకెవరొచ్చి అడిగినా అదే చెప్తాను అంది, ఉద్యోగం పోతుంది తెలుసా అన్నాడాయన, తెలుసు సార్ అంది, తలుపు తీసుకుని బయటికి నడిచింది.

మెట్లు దిగుతుంటే ఎండ మొహాన కొట్టింది, చింతామణి బస్సుకు ఇంకా గంట టైముంది, ఉండనీ, ఊళ్ళో దిగగానే ముందు చిక్కమ్మ ఇంటికే పోవాలి, తప్పు జరగకపోలేదు, జరిగింది, పాఠంలో కాదు, ఆ పిల్ల తనవైపు చూసినప్పుడు నోరు మూసుకున్నానే, అక్కడ, క్షమాపణ చెప్పుకోవలసింది ఉంటే ఆ పిల్లకే, ఆ పిల్ల ఒక్కదానికే.