గుంటలో పక్కన చోటు

రండమ్మా, రండయ్యా! వెనకాల నిలబడినోళ్లు కూడా ముందుకొచ్చి చాప మీద సర్దుకోండి. దేవుడి కృప వల్ల ఇవాళ గొంతు బాగుంది, కథ కూడా చిన్నదే.

తెనాలిలో జ్ఞానమ్మ ప్రతి గురువారం చద్దన్నం తిని, మాత్రల డబ్బా సంచిలో వేసుకుని రేపల్లె బండెక్కేది. పదేళ్లుగా ఆమె చెవుల్లో ఎవరో తిడుతూ ఉంటారు. మాత్రలతో ఆ గొంతులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అలాంటి జబ్బులతో బతికేవాళ్లే బాపట్లలో సంఘం పెట్టుకుని, ఒకరికొకరు తోడుంటున్నారు. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకి తోడుగా వెళ్లే జ్ఞానమ్మకి అక్కడ నేర్పింది ఇదే: సలహాలు చెప్పకు. వాళ్లెంత ఎత్తులో ఉంటే అంతే ఎత్తులో కూర్చో. నీ సంగతి చెప్పు.

ఒక వేసవిలో సంఘంవాళ్లు ఆమెను నిజాంపట్నం పంపారు. పడవ నడిపే గంగాధర్ దిగులు జబ్బుతో బరువెక్కిపోయాడు. మనిషి బక్కపలచనే, కానీ కూర్చున్నచోట నేల దిగిపోతోంది. అప్పటికే నడుములోతు గుంటలో ఉన్నాడు.

"ఈ గచ్చు పోయినేడే చేయించానమ్మా," అంది వాళ్లమ్మ రత్తాలు. "వేట నిషేధం ఇంకా ఆరు వారాలే. ఆలోపు లేవకపోతే ఓనరు వేరేవాణ్ణి పెట్టుకుంటాడంట. పడవ ఒరుగుద్దని ఆయన భయం."

జ్ఞానమ్మ కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసింది. "నీ వయసెంత బాబూ, ధైర్యంగా ఉండాలి, లే!" అంది.

గంగాధర్ ఛాతీ దాకా దిగాడు.

తిరుగు రైల్లో ఆమె నాలుక కరుచుకుంది. 'ప్రభువా, నేర్పింది గాలికొదిలి బోధ మొదలుపెట్టాను!'

మరుసటి గురువారం రత్తాలు మళ్లీ కుర్చీ వేసింది. జ్ఞానమ్మ దాన్ని పక్కకి జరిపి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుంటలోకి దిగింది.

"ఇదేంటక్కా, నువ్వూ దిగావు?" అన్నాడు గంగాధర్.

"జరుగు తమ్ముడూ. నీదీ ఒక గుంటేనా? నాకు నిచ్చెన వేసి అన్నం అందించేవాళ్లు. తెనాలి రిక్షావాళ్లు నన్ను చూస్తే పారిపోయేవాళ్లు, టైర్లు పేలతాయని."

గంగాధర్ పెదవి కొంచెం కదిలింది.

పన్నెండింటికి ఆమె సెల్లు మోగింది. అతని ముందే మాత్ర తీసి మింగింది.

"నువ్వూ మింగుతావా?"

"రోజూ. ఇప్పుడు కూడా చెవిలో ఒకడు తిడుతున్నాడు. దీనికి ఈత రాదు, సముద్రం పక్కకి ఎందుకొచ్చిందీ అంటున్నాడు."

"ఈత రాదా నీకు?"

"రాదు."

"మరి వాడు నిజమే చెప్పాడుగా," అని గంగాధర్ నవ్వాడు. నెలల తర్వాత నవ్వాడు. ఆ నవ్వుతోనే, "అమ్మా, ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలెక్కడ పెట్టావే?" అని కేకేశాడు.

సాయంత్రానికి నేల ఇద్దర్నీ జానెడు పైకి తెచ్చింది. ఇద్దరు కూర్చుంటే ఇంకా దిగాలి కదా అంటారా? నేల లెక్క నేలది. వారం వారం ఆమె దిగుతూనే ఉంది, అది లేపుతూనే ఉంది.

వేట మొదలైన పొద్దున గంగాధర్ పలక మీద నడిచి పడవెక్కాడు. పడవ ఒక పక్కకి ఒరిగింది. రేవంతా ఊపిరి బిగబట్టింది. పడవ మెల్లగా సర్దుకుంది.

"చూస్తారేంట్రా, ఐసు ఎక్కించండి!" అన్నాడు ఓనరు.

ఇప్పుడు వేట లేని రోజుల్లో గంగాధర్ రేపల్లె వెళ్తున్నాడు. అక్కడ లిడియా అనే టీచరమ్మ మోకాలిలోతు దిగిపోయి ఉంది. సంచిలో అతని మాత్రలున్నాయి. ఇంట్లో గుంట జానెడు లోతు ఇంకా మిగిలే ఉంది. రత్తాలు పూడ్చనివ్వదు. ఇద్దరికి సరిపోయే చాప పరిచి ఉంచింది.

ఇళ్లకెళ్లాక మిగతాదంతా మర్చిపోండి, నేనేమీ అనుకోను. జ్ఞానమ్మ కుర్చీ పక్కకి జరిపింది చూశారా, అదొక్కటి గుర్తుంచుకోండి. మీ వీధిలో ఎవరైనా దిగిపోయి కనిపిస్తే, మీరూ జరపండి.