తడి ఇసుక

షాలోమ్ అంటే సమాధానం, శాంతి అని అర్థం. ఆ పేరు పెట్టిన చర్చి అయ్యగారు పసివాడి ముఖం చూశారే గానీ చెయ్యి చూసినట్టు లేరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ చెయ్యి భార్య యూనీస్ ఒంటి మీద పడని చోటు లేదు. మొదటిసారి పెదవి చిట్లి పుట్టింటికి వస్తే సంఘపెద్దలు కూర్చుని ప్రార్థన చేసి, సర్దుకుపొమ్మని పంపించారు. రెండోసారి మణికట్టు వాచి వస్తే ఇంకొంచెం పెద్ద ప్రార్థన చేసి పంపించారు. ఆ పెద్దల్లో ఆమె తండ్రి జీవానందం కూడా ఉన్నాడు. మూడోసారి పక్కటెముక విరిగి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఎవరినీ పిలవలేదు, ప్రార్థనా పెట్టలేదు. కూతుర్ని లోపలికి రమ్మని తలుపు గడియ వేశాడు.

బళ్ళారి కౌల్ బజార్ సందులో జీవానందానిది వెల్డింగ్ షాపు. అద్దం పెట్టుకోకుండా నిప్పును చూసి చూసి ఆయన కళ్ళు పోయాయి. ఇప్పుడు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియదు. పొద్దున్నే షాపు వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చుంటాడు. చెవులు మాత్రం పాము చెవులు. లోపల కూతురు అతుకు పెడుతుంటే ఆ చప్పుడు విని, పట్టిందో లేదో అక్కడి నుంచే చెప్పేస్తాడు. యూనీస్‌కి చిన్నప్పుడే పని నేర్పిందీ ఆయనే. ఆడపిల్లకి ఎందుకయ్యా ఈ మసి అని సంఘంలో వాళ్ళు అడిగితే, మసి కడిగితే పోతుందిలే అనేవాడు.

పెళ్ళికి ముందు ఆ పిల్లకి ఇంకో పిచ్చి ఉండేది, సైకిలు. మామూలు సైకిలు కాదు, లావు టైర్ల కొండ సైకిలు. బళ్ళారి గుట్టల మీద రాళ్ళ మధ్య ఆమె దిగుతుంటే చూసేవాళ్ళు గుండె పట్టుకునేవారు. పుట్టింటికి వచ్చాక ఆ సైకిలుకి పట్టిన దుమ్ము దులిపింది. సండూరు కొండల్లో టూరిస్టులకి గుడారాలు వేసే శిబిరం ఒకటి ఉంది. వచ్చినవాళ్ళని సైకిళ్ళ మీద అడవి బాటల్లో తిప్పేందుకు మనిషి కావాలన్నారు. ఉండటానికి గది ఇస్తారు, సైకిలు మాత్రం సొంతది తెచ్చుకోవాలి, సోమవారం చేరాలి. జీతం సంగతి ఆమె సరిగ్గా విననైనా లేదు. ఆమెకు కావలసింది షాలోమ్‌కీ తనకీ మధ్య ఒక కొండ.

చెడ్డ వార్తకి కాళ్ళెక్కువ. గురువారం మధ్యాహ్నానికల్లా షాలోమ్‌కి తెలిసిపోయింది. వాడు జీన్స్ ఉతికే యూనిట్లో బొలేరో నడుపుతాడు. ఆ బండితోనే సందులోకి వచ్చాడు. షాపు ముందు నిలబెట్టిన సైకిల్ని ఎత్తి దారికడ్డంగా పడేసి, ముందు చక్రం మీదుగా బండిని ఒకసారి పోనిచ్చి, చాలదన్నట్టు వెనక్కి కూడా తెచ్చాడు. తర్వాత లోపలికి దూరి చేతికందింది పగలగొట్టాడు. కాల్చిన ఇనుము ముంచే నీళ్ళ డ్రమ్మును ఒక్క తన్ను తన్నితే షాపంతా చెరువైంది. అడ్డుకోబోయిన యూనీస్‌ని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. సందంతా గుమిగూడి చూసింది. ఒకడు ఫోన్లో వీడియో కూడా తీసుకున్నాడు. అడ్డం పోయిన మగాడు మాత్రం లేడు.

వాడు పోయాక ఆమె నుదుటి మీద రక్తం తుడుచుకుని సైకిలు దగ్గర కూర్చుంది. చక్రం మార్చుకోవచ్చు, ఫ్రేముకేమీ కాలేదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కే వంకర్లు పోయింది. స్ప్రింగుల కాళ్ళు రెండూ చితికిపోయాయి. కొత్తది బెంగళూరు నుంచి రావాలంటే వారం పడుతుంది. సోమవారం ఎవరి కోసమూ ఆగదు.

"మనమే సేసుకుందాం మా," అన్నాడు జీవానందం వాకిట్లోంచి. "స్ప్రింగు లేకుండా, గట్టి ఫోర్కు."

స్ప్రింగు లేని ఫోర్కంటే రాయి తగిలిన ప్రతి దెబ్బా నేరుగా చేతుల్లోకే వస్తుంది. రానీ అనుకుంది యూనీస్. దెబ్బలు ఈ చేతులకి కొత్తా?

పాత ఫోర్కు పొడవు కొలిచి పెట్టుకుంది. హ్యాండిల్లోకి దూరే గొట్టం బాగానే ఉంది కాబట్టి దాన్ని కోసి ఉంచుకుంది. కాళ్ళ కోసం పాత ఇనుము అమ్మే గుజిరీ అంగట్లో అతుకు లేని స్టీలు పైపు ఏరి తెచ్చింది. ఇరుసు కూర్చునే రేకులు మందపాటి ప్లేటులోంచి కోసి ఆకురాయి పెట్టింది. శుక్రవారం అంతా ఈ పనే. మిగిలింది కాళ్ళు వంచడం. కాళ్ళు కింద కొస దగ్గర కాస్త ముందుకి వంగకపోతే దిగుడులో సైకిలు మాట వినదు.

ఉత్త పైపును వంచితే నొక్కుకుపోతుంది. అందుకని లోపల ఇసుక దట్టించాలి. జీవానందం పద్ధతిలో పైపు ఒక కొస వెల్డు చేసి మూసేస్తారు. రెండో కొసలోంచి ఇసుక కూరి, తుమ్మకర్ర బిరడా సుత్తితో దిగ్గొడతారు. అప్పుడు కొలిమిలో ఎర్రగా కాల్చి వంచుతారు. ఇసుకలో తడి ఉందంటే మాత్రం దేవుడే దిక్కు. లోపల ఆవిరి పుట్టి బిరడాను తన్నేస్తుంది, హగరి ఏటి ఒడ్డున దేశనూరు నుంచి తెప్పించిన మంచి ఇసుకైనా సరే. అందుకే ఇసుకను పెనం మీద వేపి, బిరడా ఉన్న కొసను ఎప్పుడూ వెనక గోడ వైపే పెట్టాలి. ఆ గోడకి అలా ఎగిరిన బిరడాలు చేసిన గుంటలున్నాయి. పనికి చేరిన ప్రతివాడి వేలూ పట్టుకుని జీవానందం ఆ గుంటల్లో పెట్టించేవాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. బిరడా చెమట పట్టినట్టు కర్ర మీద నీటిబొట్టు కనబడిందా, చూసినవాళ్ళు "పక్కకు!" అని అరవాలి. షాపులో ఎవరున్నా, శత్రువే ఉన్నా అరవాలి.

డ్రమ్ము బోర్లించిన రోజు ఇసుక మూట కూడా నానింది. శనివారం పొద్దున యూనీస్ మూటలో ఇసుకంతా పెనం మీద పోసి వేపింది, అంతా వేపాననే అనుకుంది. పైపు నిండటానికి చివర్లో ఓ పిడికెడు తక్కువైతే మూట అడుగున మిగిలింది తీసి కూరింది. చేతికి చల్లగా తగిలింది. చల్లదనమే గానీ తడి కాదులే అనుకుంది. తొందరపాటు మనిషి చేత ఎన్ని అనిపించదు! బిరడా దిగ్గొట్టి పైపును కొలిమి మీద పెట్టింది. బిరడా కొస గోడ వైపు, పద్ధతి ప్రకారమే.

పైపు మధ్యలో ఎర్రబారుతుండగా సన్నగా సుయ్యిమని వినిపించింది. వంగి చూసింది. తుమ్మకర్ర మీద చెమట పట్టింది. ఆమె నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒక చెయ్యి జడ పట్టి లాగింది.

వాకిట్లో జీవానందం స్టూలు మీద ఉంటాడని వాడు పెరటి దారిన వచ్చాడు. మొదటి దెబ్బ చెవి మీద పడింది, లోకమంతా గుయ్యిమంది. రెండోది కడుపులో. ఇంకా అతుక్కోని పక్కటెముక మళ్ళీ కలుక్కుమంటే ఆమె ముడుచుకుపోయింది. జడను చేతికి చుట్టుకుని ముఖాన్ని కొలిమి మీదికి వంచాడు. కనుబొమలు కాలిన వాసన ఆమెకే తెలిసింది. చేతికందిన పట్టకారుతో వాడి మోకాలి మీద కొట్టింది. పట్టు సడలగానే ఎగిరి తలుపు వైపు పడింది. వాడు కొలిమికీ గోడకీ మధ్య మిగిలాడు.

"యాడికి పోతావే? కొండెక్కితే నాకు దొరకవనుకున్యావా?" అన్నాడు షాలోమ్. "నీ మొగం ఇంగెవురూ సూడకుండా సేస్తా."

అని పైపు అందుకున్నాడు. నిప్పులో ఉన్న పైపుకి పట్టుకోవడానికి చల్లగా ఉండేది ఒక్క కొసే, బిరడా కొస. అక్కడున్న తడి గుడ్డ చుట్టి రెండు చేతులా దాన్ని పట్టి లేపాడు. ఎర్రటి భాగం ఆమె వైపు తిరిగింది. బిరడా వాడి గడ్డం కింద ఉంది. కర్ర మీద నీళ్ళు బుడబుడలాడటం ఆమెకు స్పష్టంగా కనిపించింది.

చెప్పడానికి ఒక్క మాట. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది. పనిలో చేరిన పిల్లలకీ, దారిన పోయే టీ కొట్టువాడికీ, ఒకసారి షాపులో దూరిన మేకపిల్లకీ కూడా అరిచిన మాట అది. వాడి కళ్ళలోకి చూస్తూ ఆమె పెదవులు బిగించింది.

పేలింది. సందులో పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. బిరడా వాడి దవడను పగలగొట్టుకుంటూ పైకి పోయింది. దాని వెనకే కాలిన ఇసుక ముఖం నిండా చిమ్మింది. వాడు పైపు వదిలేసి గోడకు జారి, నోరున్న చోట చెయ్యి పెట్టుకుని, మనిషిది కాని గొంతుతో అరిచాడు. నెత్తురు గుంటల గోడ మీద పడి కారింది. యూనీస్ నిలబడి చూసింది. ఆమెకు సంతోషం కలిగింది. ఎండాకాలం చల్లనీళ్ళు తాగినంత సంతోషం. ఆ సంతోషానికి ఆమెకే ఒళ్ళు జలదరించింది. అప్పుడు గానీ ఆమె కాళ్ళు కదలలేదు. నీళ్ళు తెచ్చి వాడి ముఖం మీద పోసి, అంబులెన్సుకి ఫోను చేసింది.

షాలోమ్ బతికాడు. ఎడమ కన్ను పోయింది, దవడకి తీగలు కట్టారు, మాట లేదు. మరుసటి రోజు ఆదివారం, చర్చి వదిలాక వాడి తల్లి కృపమణి పోలీసును వెంటబెట్టుకుని షాపుకి వచ్చింది. వెనకాలే సంఘపెద్దలు. పోలీసు ఎస్సై బసప్ప నిదానపు మనిషి. గోడ చూశాడు, కొలిమి చూశాడు, పక్కన పడి ఉన్న పైపును కాలితో దొర్లించాడు.

"పైపుతో తుపాకి సేసిందప్పా ఇది," అంది కృపమణి. "నా కొడుకు నోరు లేకుండా పడుండాడు."

బసప్ప ఆమెను సుమ్నే, మాట్లాడకుండా ఉండమన్నాడు. ఇసుక ఎందుకు, బిరడా ఎందుకు, గోడకి గుంటలెందుకు అని జీవానందాన్ని అడిగాడు. జీవానందం దాచకుండా అన్నీ చెప్పాడు, అరవాలన్న కట్టుబాటుతో సహా. ఇసుక తడిపిందెవరో వీడియోలో ఉందని కూడా చెప్పాడు. కృపమణి తెలివైన మనిషి. దొరికిన దారం కొసను వదల్లేదు.

"అయితే ఇది అరిసిందేమో అడుగు సార్," అంది.

బసప్ప యూనీస్ వైపు తిరిగాడు. ఆమె నోరు తెరిచింది. అబద్ధం చెప్పాలన్న ఆలోచన ఆమెకు లేదు, నిజం చెప్పే ధైర్యమూ రాలేదు. ఈలోగా వాకిట్లోంచి గొంతు వినిపించింది.

"అరిసింది సార్. ఈడే కూసోని నేను ఇన్నాను."

అంతే, అందరూ చల్లబడ్డారు. జీవానందం మాటంటే కౌల్ బజార్లో అలాంటిది. సొంత తమ్ముడి స్థలం తగాదాలో తమ్ముడిదే తప్పని కోర్టులో చెప్పి, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆయన. పెద్దలు తలలు వంచుకున్నారు. కృపమణి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆయన మాటను కాదనలేదు. బసప్ప పైపును గోనెలో చుట్టించి, పిలిస్తే రావాలమ్మా అని యూనీస్‌కి చెప్పి వెళ్ళాడు.

సందు ఖాళీ అయింది. యూనీస్ తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన నోట అబద్ధం వినడం ఆమెకు షాలోమ్ దెబ్బలన్నిటి కన్నా గట్టిగా తగిలింది.

"నాయనా, నేను అరవలేదు."

"తెల్సు మా."

"బిరడా చెమట పట్టింది. సూసి కూడా అరవలేదు."

 జీవానందం చేత్తో తడిమి కూతురి నుదుటి మీద కట్టు పట్టుకున్నాడు.

"రెండుసార్లు నిన్ను ఆ ఇంటికి పంపిస్తిని," అన్నాడు. "వాడెట్లాటోడో తెలిసే పంపిస్తిని. నేనూ అరవలేదు కదా మా."

ఆమె ఏడ్చింది. పెళ్ళయ్యాక దెబ్బకి తప్ప ఏడవడం అదే మొదలు. ఆయన ఆమెను ఏడవనిచ్చాడు. తర్వాత, రేపు పొద్దున సండూరు బస్సు యాడికొస్తుందని అడిగాడు. ఫోర్కు కాళ్ళు రెండూ ఇంకా వంచాలి కదా, ఇసుక వేపు అన్నాడు. ఆదివారం దేవుడి రోజని ఆ షాపులో ఎప్పుడూ కొలిమి రాజేయలేదు. ఆ సంగతి ఆమె గుర్తు చేసింది.

"అబద్ధమే ఆడినాను. ఇంగ కొలిమికేం వచ్చె?" అన్నాడు.

కొత్త ముక్కలు రెండు కోసింది. ఇసుకను ఈసారి మూట దులిపి మరీ వేపింది, వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా జారేదాకా. పైపు కొలిమి మీద పెట్టి, బిరడాను గోడ వైపు తిప్పింది. పైపు ఎర్రబారింది. తుమ్మకర్ర పొడిగానే ఉంది, చెమట జాడే లేదు. అరవాల్సిన పనేమీ లేదు.

"అరువు మా," అన్నాడు జీవానందం.

యూనీస్ ఊపిరి పీల్చుకుంది. పక్కటెముక నొచ్చింది. అయినా సందు చివర ఆటోవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా, "పక్కకు!" అని అరిచింది. వాకిట్లో ఆ గుడ్డి మనిషి లేచి, తన స్టూలును పక్కకు జరుపుకుని కూర్చున్నాడు.