మోకుకు వేలాడే బండి

చంద్రవ్వ లేస్తే తప్ప బండి దిగదు. అది వేలాడేది సరిగ్గా ఆమె మంచం పైన. అందుకే తెల్లవారగానే మొగిలి చేసే మొదటి పని ఆమెను లేపడం, ఆమె చేసే మొదటి పని అతన్ని తిట్టడం.

"ఇగ లే. టైమైతంది."

"కోడి గూడ లేవలే. ఒక్క దినమన్న కంటినిండ పండనియ్యవు గదా! ఏమన్న అంటే బండి, బండి."

తిడుతూనే లేచి బొంత మడిచి, మంచం ఎత్తి గోడకు ఆనించింది. మొగిలి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కుడికాలు తుంటి దగ్గర వంగదు కాబట్టి అతను నడిస్తే మనిషంతా ఒక పక్కకు ఒరిగి మళ్లీ లేస్తాడు. కిటికీ కమ్మికి కట్టిన తాడు కొస పట్టుకొని ఒక్కసారి లాగాడు. ముడి ఊడింది. తాటిచెట్టు మీద కల్లు లొట్టిని కట్టే ముడి అది. ఎంత బరువునైనా ఆపుతుంది, పొట్టి కొస లాగితే చాలు విడిపోతుంది.

పైన స్లాబులో ఓ ఇనుప కొక్కెం ఉంది. మునుపు ఆ గదిలో అద్దెకున్నవాళ్లెవరో బిడ్డకు ఉయ్యాల కట్టుకున్న కొక్కెం. దానికి ఊళ్లో పాడుబడ్డ బావి నుంచి తెచ్చిన గిరక. గిరక మీదుగా నైలాన్ తాడు. ఆ తాడుకు మొగిలి చెట్లెక్కేటప్పుడు నడుముకు బిగించుకున్న పాత మోకు, మోకు ఉచ్చులో బండి. కరెంటు సైకిలన్న మాటే గాని మామూలు సైకిలుకూ దానికీ పోలిక లేదు. బ్యాటరీ ఊడదీసినా బియ్యం బస్తా అంత బరువు. పై వాటాలో ఉండి చదువుకున్న సాయిచంద్ హైదరాబాద్ పోతూ అతనికి అమ్మిపోయాడు.

కింద పెడదామంటే గదిలో బండి ఉంటే మనుషులుండరు, మనుషులుంటే బండి ఉండదు. బయట పెడదామంటే ఇంటి ఓనరమ్మ ఒప్పుకోదు. ఎక్కడో బ్యాటరీ బండి భగ్గుమనడం ఫోన్లో చూసిందట, తన కారు పక్కన నిలపనివ్వదు. సందులో పెడితే తెల్లారేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. ఇక మిగిలింది పైనే. పైకి చేర్చడం మొగిలికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? సగం బతుకు కల్లుగీతకని తాటిచెట్లెక్కి దిగడంతోనే పోయింది.

ఆ పొద్దున మాత్రం సగం దిగాక తాడు చేతిలోంచి జారింది. ముందు చక్రం ఠపీమని గచ్చుకు తగిలింది. ఎడమ భుజంలోంచి మోచేతి దాకా ఓ నొప్పి దిగి, పళ్లు బిగబట్టేలా చేసి, ఎటో పోయింది.

"ఏమైంది?"

"ఏం కాలే. చెయ్యి చెమటకు జారింది."

చంద్రవ్వ బండిని చూడలేదు, అతని చేతిని చూసింది.

"నేను ఎప్పుడో చెప్పిన. నువ్వు దీన్ని గుంజలేని నాడు గిది ఇంట్ల ఉండది. అమ్మేసి ఇంట్ల కూసో. నేను బీడీలు చేస్త, నువ్వు ఆకు కత్తిరియ్యి. అంతే."

మొగిలి మోకు విప్పాడు. బ్యాటరీ తగిలించి బండిని గడప దాటించాడు.

కూర్చోవడం. ఆ మాటొక్కటి చెవిన పడితే అతనికి వీపు మీద చీమలు పాకినట్టుంటుంది. చెట్టు మీంచి పడి, మందులకని పట్నం చేరాక ఏడాదికి పైగా ఆ గదిలోనే, ఆ మంచంలోనే, ఆ కొక్కెం కేసి చూస్తూ పడుకున్నాడు. చంద్రవ్వ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటే, తునికాకు కత్తిరింపుల చప్పుడు తప్ప మరో లోకం లేకపోయింది. చూడవచ్చినవాళ్లు అతనితో కాదు, అతని గురించి ఆమెతో మాట్లాడేవారు. బండి వచ్చాకే మొగిలి మళ్లీ మొగిలయ్యాడు.

మమతారాణి మెస్సులో వంట అయ్యేలోపు మూడుసార్లు లోపలికీ బయటికీ తిరిగాడు. "ఏం మొగిలన్నా, కాళ్లకింద నిప్పులు వోసిన్రా?" అందామె నవ్వుతూ. ఆమె మెస్సు నుంచి దవాఖానాల్లో రోగుల వెంట ఉన్నవాళ్లకు క్యారేజీలు వెళ్తాయి. జొన్నరొట్టె, పప్పు, ఉప్పు తక్కువ కూర. కరీంనగర్‌లో దవాఖానాలకు కొదవ లేదు, మొగిలి ఎక్కని మెట్లు లేవు. బండి మోటారు అతని కాలి పని చేస్తుంది, మిగతాది చేతులు చేస్తాయి. పొట్టి మనిషి, నల్లని మనిషి. చొక్కా గుండీలు తీస్తే ఛాతీ మీద చర్మం మానుబెరడులా మొద్దుబారి ఉంటుంది. ఏళ్ల తరబడి చెట్టును కావలించుకొని ఎక్కితే అలాగే అవుతుంది.

పెద్ద దవాఖాన నాలుగో అంతస్తులో నర్సు క్యాథరిన్ అతన్ని చూసి ఆగింది. మెడలో సన్నని గొలుసుకు చిన్న సిలువ, చేతిలో మందుల ట్రే.

"మొగిలన్నా, గీ చెమటేంది? మెట్లెక్కినవా?"

"లిఫ్టులనే వచ్చిన సిస్టర్. ఎండ."

"పొద్దటి సంది మబ్బు వట్టి ఉన్నదన్నా, ఎండ యాడిది?"

అతను క్యారేజీ అందించి తిరగబోయాడు. చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయింది. ఆమె ట్రే పక్కన పెట్టింది.

"నొస్తందా? ఛాతిల నొస్తందా?"

"ఛాతి నొప్పి మాకు కొత్తనా సిస్టర్? చెట్టును కావలిచ్చుకొని బతికినోల్లం. ఎప్పుడు ఏదో ఓ కాడ గుంజుతనే ఉంటది. నువ్వుల నూనె రాస్తే పోతది."

"చెట్టెక్కెటోల్లకు గుండె ఉండదా అన్నా? కూసో గీడ. ఈసీజీ తీపిస్త. నేను మాట్లాడుత, ఎంతసేపు గాదు."

అతను బెంచీ అంచు మీద కూర్చున్నాడు. ఎదురు బెంచీలో ఎవరో ముసలాయన కొడుకుతో అంటున్నాడు, "బరువులు ఎత్తొద్దన్నడు బిడ్డా, ఇగ నేను బాయికాడికి పోయేది లేదు." ఆ కారిడార్లో మొగిలి రోజూ వినే మాటే అది. ఛాతీ పట్టుకొని వచ్చిన ప్రతివాడికీ మొదట చెప్పేది అదే. చంద్రవ్వ చెవిన పడితే ఇంకేముంది, బండి ఆ వారంలోనే పోతుంది. మొగిలికి చావంటే అంత భయం లేదు. కూర్చోవడమంటే భయం.

క్యాథరిన్ ఫోన్ అందుకొని అటు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం మెస్సులో అందరూ కాసేపు నడుం వాల్చారు. అతనికి నడుం నిలవలేదు. బండి తీసుకొని చొప్పదండి రోడ్డు పట్టాడు. ఎందుకంటే చెప్పలేడు. ఊరు దాటాక చెలక గట్ల మీద తాటిచెట్లు కనిపించాయి. ఓ గీతకార్మికుడు దిగుతున్నాడు, మోకు జార్చుకుంటూ, ఆగుతూ, జార్చుకుంటూ. మొగిలి ఓ కాలు కిందపెట్టి నిలబడి చూశాడు. తను పడ్డ రోజు పొద్దున వాన కురిసి మాను నాని ఉండింది. పాదం జారింది. నేల మీద పడి ఉంటే అక్కడితో సరిపోయేది. మోకు నడుముకు బిగిసి నడిమధ్యలో ఆపింది. జనం నిచ్చెనలు తెచ్చేదాకా గబ్బిలంలా తలకిందులుగా వేలాడాడు. తుంటి మానుకు కొట్టుకొని నుజ్జయింది గాని ప్రాణం దక్కింది. ఊరంతా దేవుడి దయ అన్నారు. మొగిలి మటుకు మోకు దయ అనుకున్నాడు. మనిషిని వదలనిది బండిని వదులుతుందా?

దిగిన మనిషి పలకరించాడు. "ఏ ఊరు తాతా? కల్లు తాగుతవా?"

"లేదు బిడ్డా, డ్యూటీల ఉన్న." ఆ మాట అనడం అతనికి బాగుంది. నిజంగానే బాగుంది. తిరుగు దారిలో ఆ మాటే ఒకటికి రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు, నొప్పి మళ్లీ మోచెయ్యి దాకా దిగేవరకూ.

సాయంత్రం క్యారేజీలను అతను నాలుగో అంతస్తుకు తీసుకుపోలేదు. కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పగించాడు.

"క్యాథరిన్ సిస్టర్ నిన్ను ఒక్కపారి పైకి రమ్మన్నది. గట్టిగ చెప్పింది."

"రేపొస్త అని చెప్పు. ఖాయంగ వస్తనని చెప్పు."

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. చంద్రవ్వ కట్టిన బీడీ కట్టలు బుట్టలో సర్దుతోంది. అతన్ని చూసి మంచం ఎత్తి నిలబెట్టింది. ఏమీ అనలేదు. అనకపోవడమే మొగిలిని ఎక్కువ కంగారు పెట్టింది. బ్యాటరీ ఊడదీసి పొయ్యి పక్కన చార్జింగుకు పెట్టాడు. బండి నడుముకు మోకు చుట్టాడు, ఉచ్చు సరిచూశాడు, తాడు అందుకున్నాడు. చేతుల మీద ఉమ్మి రుద్దుకున్నాడు, చెట్టు మొదట్లో నిలబడ్డప్పటిలాగే.

మొదటి గుంజుకు చక్రాలు నేలను వదిలాయి. రెండో గుంజుకు బండి మోకాలెత్తు లేచింది. మూడోదానికి చెయ్యి రాలేదు. ఛాతీ లోపల ఎవరో పిడికిలి బిగించారు. తాడు వదల్లేదు గాని పైకీ పోలేదు. బండి మధ్యలో ఊగుతోంది. వెనక చంద్రవ్వ ఉందని తెలుసు. చూస్తోందని తెలుసు. అయిపోయింది, అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నొప్పికి వచ్చినవి కావు.

అప్పుడు అతని వెనక తాడు బిగిసింది. తునికాకు వాసన వేసే రెండు చేతులు అతని చేతుల కింద తాడును పట్టుకున్నాయి.

"ఏం జూస్తవ్? గుంజు."

ఇద్దరూ గుంజారు. గిరక కిర్రుమంది. బండి ఎక్కింది. రోజూ ఉండే చోటికంటే ఓ జానెడు పైకే ఎక్కింది. మొగిలి కమ్మికి తాడు చుట్టి ముడి వేశాడు. చంద్రవ్వ చేతులు దులుపుకుంది.

"తాటిచెట్టుకు లొట్టి ఏలాడినట్టు ఏలాడుతంది నీ బండి. రేపటి సంది ఇద్దరం గుంజుదం. మొత్తుకునుడు నా నోటికి అలవాటు, దానికి ఇంత ఫికర్ వెట్టుకుంటరా?"

"బండి అమ్మవా మరి?"

"యాడ అమ్ముత? నువ్వు ఇంట్ల కూసుంటే నిన్ను భరించుడు నా తోని అయితదా?"

మొగిలి నవ్వాడు. పొద్దున్నుంచీ మొదటిసారి కుదురుగా, గోడకు వీపు ఆనించి, వంగని కాలు చాపి కూర్చున్నాడు.

"జర నీళ్లియ్యి."

ఆమె చెంబు ముంచుకొని వచ్చేసరికి అతను పైకి, బండి కేసి చూస్తున్నాడు. "ఇగో, తాగు," అంది. మళ్లీ అంది. చెంబు కింద పెట్టి భుజం పట్టి ఊపింది.

ఆటోలో పెద్ద దవాఖానకే తీసుకుపోయారు. పొద్దున తప్పించుకుపోయిన పరీక్ష అప్పుడు చేశారు. ఆ మొద్దుబారిన ఛాతీకి ఈసీజీ వైర్ల బిళ్లలు సరిగా అతుక్కోలేదు, క్యాథరిన్ తన చేత్తో ఒత్తి పట్టుకుంది. కాగితం మీద ఏ వంపూ రాలేదు. ఆమె బిళ్లలు తీసి, అతని చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. రేపొస్తనన్నడు, అని ఎవరితోనో అంది.

శవాన్ని అద్దె ఇంటికి తేవద్దని ఓనరమ్మ కబురు చేసింది. బండికి చోటివ్వని ఇల్లు మనిషికిస్తుందా? దవాఖాన నుంచే చొప్పదండి పక్కన ఉన్న తమ ఊరికి తీసుకుపోయారు. దినాలు అక్కడే అయ్యాయి. అన్నీ ముగిశాక చంద్రవ్వ తిరిగొచ్చి గది తాళం తీసింది. బండి ఎక్కడిదక్కడే ఉంది, ఓ జానెడు పైన. దాని కిందే మంచం వాల్చుకుంది. ఇప్పుడు ఆమెను లేపేవాళ్లు లేరు, అయినా తెల్లవారగానే మెలకువ వస్తోంది.

ఓ రోజు మమతారాణి వచ్చింది. కాసేపు మొగిలి గురించి మాట్లాడి, కళ్లు తుడుచుకొని, చివరికి మెల్లగా అడిగింది.

"అక్కా, క్యారేజీలకు ఇంకో మనిషిని పెట్టుకున్న. బండి ఊకెనే ఏలాడుతంది గదా. దించి ఇయ్యరాదు?"

చంద్రవ్వ చాటలోంచి తల ఎత్తలేదు. తునికాకు మీద కత్తెర ఆడుతూనే ఉంది.

"ఆయన వేసిన ముడి, చెల్లె. నాకు ఇప్పరాదు."

మమతారాణి కిటికీ కేసి చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. కమ్మికి ముడి ఉంది, చంద్రవ్వ రోజూ పొద్దున చూసిన ముడే, కిందికి వేలాడే ఆ పొట్టి కొస ఒక్కసారి లాగితే చాలు.