భీమన్న పేరు పక్కన ఖాళీ గడి

దేవిదాస్‌కు పసుపు పండించడం వచ్చు, ఉడకబెట్టడం వచ్చు, దాని గురించి ఎవరు అడిగినా అడగకపోయినా గంటసేపు చెప్పడం ఇంకా బాగా వచ్చు. ఆర్మూరు శివారులో, మోర్తాడ్ పోయే దారి పక్కన అతనికి మూడెకరాలుంది. ఈసారి ఆ పంటను జర్మనీలో మసాలాలమ్మే ఒక కంపెనీ కళ్లం దగ్గరికే వచ్చి ఎత్తుకుపోతానంది. ఒక్క అతనిదే కాదు, చుట్టుపక్కల తొమ్మిది కుటుంబాలది. మార్కెట్ యార్డుకు తోలే పని లేదు, అక్కడ కుప్ప పోసి మబ్బు పట్టినప్పుడల్లా గుండె చేత పట్టుకుని కూర్చునే పని లేదు. ఆ తొమ్మిది కుటుంబాలకూ దేవిదాసే పెద్ద. ఎవరూ ఎన్నుకోలేదు. మాట్లాడేవాడు అతనొక్కడే కాబట్టి అయ్యాడు.

కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే. తినే వస్తువు ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో, ఆ చేతులకు ఎక్కడైనా అన్యాయం జరిగిందో లేదో, కొనేవాడు ముందే విచారించుకోవాలట. వాళ్ల దేశంలో అలా చట్టముందట. మంచి మాటే కదా అన్నాడు దేవిదాస్. విచారించుకొమ్మనండి, మన దగ్గర దాచేదేముందని మీసం దువ్వుకున్నాడు.

విచారించడానికి బుధవారం పొద్దున అంకిత వచ్చింది. డిచ్‌పల్లి పిల్ల. అక్కడి యూనివర్సిటీలోనే చదివి, ఈ మధ్యే కంపెనీలో చేరింది. ఆమె చేతిలో ఒక ట్యాబు, అందులో రెండు వందల పద్నాలుగు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ ఆకుపచ్చ గుర్తు రావాలి. శనివారం సాయంత్రానికి ఒక్కటి ఎర్రగా మిగిలినా తొమ్మిది కుటుంబాల పేర్లూ జాబితాలోంచి ఎగిరిపోతాయి. తవ్విపెట్టుకున్న పసుపంతా మళ్లీ యార్డు దారి పట్టాలి. ఈ సంగతి అంకిత మెల్లగానే చెప్పింది గాని, తొమ్మిది ఇళ్లలోనూ ఆ పూట అన్నం సరిగా దిగలేదు.

మొదటి ప్రశ్నలు హాయిగానే సాగాయి. మీ సంస్థలో డైరెక్టర్లు ఎంతమంది అంటే దేవిదాస్ తన పేరు చెప్పి, కాస్త ఆలోచించి, భార్య మంగవ్వ పేరు కూడా చెప్పాడు. చివరి మాట ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు తన పేరు తీసేయించాడు. మీ పరిసరాల్లో సాయుధ ఘర్షణలేమైనా ఉన్నాయా అని అడిగితే మాత్రం తడబడ్డాడు. పోయినేడు గట్టు తగాదాలో సొంత తమ్ముడే గొడ్డలి పట్టుకొచ్చాడు. అది ఘర్షణ కిందికి వస్తుందో రాదో మొగుడూ పెళ్లాలు అరగంట వాదించుకున్నారు. తమ్ముడు గొడ్డలి తెచ్చింది కట్టెలకేనని చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. చేనులో మంద కట్టి ఎరువు వేసే గొర్రెలు కూడా వ్యాపార భాగస్వాముల కిందికే వచ్చాయి. ఆ గొర్రెల కాపరి గంగాదాస్ ఇరవై రెండు పేజీల నియమావళి మీద వేలిముద్ర వేశాడు. అందులో తన గొర్రెలు ఎవరికీ లంచం ఇవ్వవని కూడా హామీ ఇచ్చినట్టు ఉంది.

నూట నలభయ్యో ప్రశ్న దగ్గర కొంప మునిగింది.

"జీతం లేకుంట పనిచేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా కాకా?" అని అడిగింది అంకిత.

"అందరు గంతే బిడ్డా," అన్నాడు దేవిదాస్ ఛాతీ పొంగించి. "పసుపు ఉడకవెట్టే దినం ఎనిమిది మంది వస్తరు. ఒక్కనికి గూడ ఒక్క పైస ఇయ్య. అడిగెటోడు గూడ లేడు."

అతను గొప్ప చెప్పుకున్నాడు. ఈ ఊళ్లలో ఎవరైనా అలాగే చెప్పుకుంటారు. పసుపు ఉడకబెట్టడం ఒక్కడితో అయ్యే పని కాదు. ఈ రోజు నలుగురూ నా కళ్లంలో, రేపు నలుగురం నీ కళ్లంలో. దీన్నే బదులు అంటారు. పిలిస్తే ఎంతమంది బదులుకు వస్తారో అదే మనిషి పరపతి. కూలికి మనుషుల్ని పెట్టుకున్నవాణ్ని చూసి, పాపం వాడికెవరూ లేరనుకుంటారు. కాని ట్యాబుకు పరపతి సంగతి తెలియదు. తెర మొత్తం మిరపపండు రంగుకు తిరిగి, బలవంతపు చాకిరీ, బాధితులు ఎనిమిది మంది అని రాసుకుంది.

దేవిదాస్ నెత్తి కొట్టుకున్నాడు. తానూ ఆ ఎనిమిది మంది కళ్లాల్లో ఊరకే చేశానని, అట్లయితే తనను కూడా బాధితుడిగా రాయాలని పట్టుబట్టాడు. అంకిత రాసింది. ఇప్పుడు బాధితులు తొమ్మిది మందయ్యారు, నేరస్థులూ తొమ్మిది మందే అయ్యారు, అందరి పేర్లూ రెండు వైపులా ఉన్నాయి. జర్మనీలో ఎవరో ఇది చూసి చాలా కంగారు పడి ఉండాలి. పది నిమిషాల్లో అంకితకు ఫోనొచ్చింది. ఇది చాకిరీ కాదు, మార్పిడి అని రుజువు చేయడానికి ఒక పట్టిక పంపారు. ఎవరు ఏ రోజు వచ్చారు, దేవిదాస్ వాళ్ల దగ్గరికి ఏ రోజు వెళ్లాడు. వచ్చిన రోజుకు ఎదురుగా వెళ్లిన రోజు ఉంటే చాలు, ఎరుపు పోతుంది.

ఇది తేలికైన పనే అనుకున్నాడు దేవిదాస్. పోయినేడు రాజేశ్వర్ వచ్చింది శివరాత్రి ముందు రోజు, తాను పోయింది ఆ తర్వాతి సోమవారం. ఇలా ఒక్కొక్కరినీ తలుచుకుని వేళ్ల మీద లెక్క చెబుతుంటే గడులు పచ్చబడుతూ వచ్చాయి. ఏడుగురు అయిపోయారు. ఎనిమిదోవాడు భీమన్న.

భీమన్న అతని ఈడువాడే. చేను పక్క చేను. దేవిదాస్ కళ్లంలో తెల్లవారకముందే పొయ్యి దగ్గర కనపడేది అతనే, అందరూ పోయాక నీళ్లు చల్లి నిప్పు ఆర్పేదీ అతనే. మాట తక్కువ మనిషి. ప్రతి ఏడూ వచ్చాడు, ఒక్క ఏడు కూడా తప్పలేదు.

"ఆయన కాడికి నువ్వెప్పుడు పోయినవ్ కాకా?" అంది అంకిత.

దేవిదాస్ గుర్తు చేసుకున్నాడు. పోయినేడు పోలేదు. అంతకు ముందేడు కూడా పోలేదు. భీమన్న పసుపు వేయడం మానేశాడు కదా, మక్కజొన్న వేస్తున్నాడు, మక్కను మిషను కోస్తుంది. మరి పసుపు లేనివాడికి బదులు ఎట్లా ఇస్తారు? ఇవ్వలేరు. ఇవ్వలేనప్పుడు పిలవకూడదు. కాని తాను పిలుస్తూనే ఉన్నాడు, అతను వస్తూనే ఉన్నాడు. వేళ్లు మడుస్తూ పోతే పదకొండేళ్లు తేలాయి. ఒక పక్క గడులన్నీ నిండుగా ఉన్నాయి, ఇంకో పక్క పదకొండూ ఖాళీ. ఇంత తెలివితక్కువ ట్యాబు ఒక్క దగ్గర మాత్రం నిజం పట్టుకుంది. దేవిదాస్‌కు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ట్యాబుకు సిగ్గుతో పని లేదు. దానికో పద్ధతి ఉంది. బాధితుడు తన నోటితో ఫిర్యాదు చేయాలి. దానికి పరిహారం జరగాలి. తీరిందని బాధితుడే వేలిముద్ర వేయాలి. అన్నీ శనివారంలోపే. ఫిర్యాదు లేకపోతే ఇంకా ప్రమాదమట. మనిషి భయపడి మాట్లాడటం లేదని అర్థమట.

కాబట్టి గురువారం పొద్దున దేవిదాస్, అంకితను వెంటబెట్టుకుని, తన మీద ఫిర్యాదు చేయమని భీమన్నను బతిమాలడానికి వెళ్లాడు. భీమన్న వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. సంగతి విని నవ్వాడు. నీ మీద నేనేం చెప్పాలన్నాడు. అతని భార్య భాగ్యవ్వ మాత్రం నవ్వలేదు. దేవిదాస్ తొమ్మిది ఇళ్ల పేర్లూ చెప్పాడు, యార్డు గురించి చెప్పాడు, కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"ఏదన్న ఒకటి చెప్పు భీమన్నా. అబద్ధమైన ఫరవాలేదు," అన్నాడు.

"అబద్ధమెందుకు," అన్నాడు భీమన్న. "నిజమే ఉన్నది."

నులక వదిలిపెట్టి, అంకిత వైపు తిరిగి, నెమ్మదిగా రాసుకోనిస్తూ చెప్పాడు. పదకొండేళ్ల కింద తనకు పండింది ఒక్క కడాయి పసుపే, ఉడకబెట్టే రోజు దేవిదాస్‌నొక్కణ్నే బదులుకు పిలిస్తే రాలేదు. జ్వరమని కబురు పంపాడు. జ్వరం లేదు. ఆ రోజు పసుపు చెడింది, పంట మొత్తం పోయింది, ఆ తర్వాత తాను పసుపు వేయలేదు. అంతే.

ఆ రోజు మంగవ్వ తమ్ముడు దుబాయి నుంచి వచ్చి మోర్తాడ్‌లో దావత్ ఇచ్చాడు. మేక కోశారు. పొగలో నిలబడటం ఇష్టం లేక జ్వరమని చెప్పించింది నిజమే. పదకొండేళ్లుగా ఆ సంగతి భీమన్నకు తెలియదనుకుని బతికాడు. అతనితో కలిసి చాయ్ తాగాడు, బీడీలు పంచుకున్నాడు, తన కళ్లంలో అతని చేత పని చేయించుకున్నాడు.

ఫిర్యాదు చాలా బాగుందని అంకితకు జర్మనీ నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఇంత స్పష్టమైన ఫిర్యాదు ఈ ఖండంలో ఎవరూ చేయలేదట. ఇక పరిహారం. డబ్బు ఇప్పించమంటావా అంటే భీమన్న తల అడ్డంగా ఊపాడు. ఒక దినం ఎగ్గొట్టాడు, ఒక దినం ఇయ్యాలె అన్నాడు. పసుపే లేదు కదా, ఏ దినం ఇవ్వాలని దేవిదాస్ అడిగాడు. అప్పుడు భాగ్యవ్వ మొదటిసారి నోరు విప్పింది. పెరట్లో, బట్టలుతికే బండ పక్కన, ఇంటి కూరలకని తాను ఒక మడి పెట్టుకున్నానంది.

శనివారం పొద్దున భీమన్న ఇంటి వెనకకు ట్రాక్టరు వెళ్లింది. దాని వెనకాల నాలుగు డ్రమ్ముల స్టీమ్ బాయిలర్ వెళ్లింది. దారి చాలక పెరటి దడి రెండు మూరలు తీయాల్సి వచ్చింది. దాని వెనక తొమ్మిది ఇళ్ల మగవాళ్లు, వాళ్ల వెనక టిఫిన్ గిన్నెలతో ఆడవాళ్లు. మడి తవ్వితే ఒక్క గంపెడు కొమ్ములు వచ్చాయి. క్వింటాలు పట్టే డ్రమ్ములో పోస్తే అడుగున ఎక్కడున్నాయో కనపడలేదు. రాజేశ్వర్ తల లోపల పెట్టి చూసి, ఉన్నాయని అందరికీ ధైర్యం చెప్పాడు. అంకిత ఫొటోలు తీసింది. గంపెడు పసుపు చుట్టూ పద్దెనిమిది మంది భక్తిగా నిలబడ్డారు.

దేవిదాస్ ఎవరినీ చేయి వేయనివ్వలేదు. నీళ్లు తనే మోశాడు. కట్టెలు తనే చీల్చాడు. పొగ కళ్లలో పడితే పక్కకు జరగలేదు. నిజానికి ఆ గంపెడు ఉడకడానికి గిన్నె, గ్యాసు పొయ్యి చాలు. అయినా చెమట కారేదాకా చేశాడు. అట్లా చేస్తుంటే కొంచెం తేలిగ్గా అనిపించింది కూడా. కొమ్ములు ఉడికి, పుల్ల గుచ్చితే దిగి, గోనె మీద పరిచాక అందరూ హమ్మయ్య అనుకున్నారు. అంకిత ట్యాబు తెచ్చి భీమన్న ముందు పెట్టింది. తీరింది అన్నచోట వేలు పెడితే తొమ్మిది ఇళ్ల పంటా గట్టెక్కుతుంది.

భీమన్న వేలు పెట్టలేదు. ఆవిరి పోతున్న కొమ్ముల్ని చూశాడు.

"నీకు జ్వరమన్నరు," అన్నాడు దేవిదాస్‌తో. "కడాయి పొయ్యి మీదున్నది. భాగ్యవ్వను మంట సూడుమని, ఆర్మూర్ల గోలీలు కొనుక్కొని మీ ఇంటికి వచ్చిన. తాళమేసి ఉన్నది. దావతుకు పోయిండ్రని పక్కింటోళ్లు చెప్పిండ్రు. నేను మల్లొచ్చేటాల్లకు పసుపు మెత్తగైంది. గా కడాయి ఒక్కతి ఏం దించుతది?"

మంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవిదాస్ ఇన్నాళ్లూ అనుకున్నది వేరు. ఒక మనిషి తక్కువై పని వెనకపడి పసుపు చెడిందనుకున్నాడు. తనకు గోలీలు తేవడానికి పొయ్యి దగ్గరి నుంచి లేచి వస్తే చెడిందని తెలియదు. ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాడు.

"బిడ్డా, తీరలేదని రాయి," అన్నాడు దేవిదాస్ అంకితతో.

తొమ్మిది ఇళ్లవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వద్దని ఒక్కరూ అనలేదు. అంకిత ఏం చేయాలో తెలియక ట్యాబును గుండెలకు అదుముకుంది. భీమన్నే చేయి చాచి దాన్ని తీసుకున్నాడు. వేలు లుంగీకి తుడుచుకుని, తీరింది అన్నచోట గట్టిగా నొక్కాడు. తెర పచ్చబడింది. రెండు వందల పద్నాలుగూ పచ్చబడ్డాయి.

అంకిత వెళ్లిపోయింది. ట్రాక్టరు బాయిలర్‌ను ఈడ్చుకుపోయింది. అందరూ చెదిరిపోయారు. దేవిదాస్ ఊడదీసిన దడిని మళ్లీ కడుతూ చాలాసేపు ఉన్నాడు. భీమన్న అవతలి పక్క నిలబడి తాడు అందిస్తున్నాడు.

"నిజంగ తీరిందా భీమన్నా?"

"కంపెనీకి తీరింది," అన్నాడు భీమన్న. "నాకు తీరలే."

దేవిదాస్ తల ఊపాడు. ముడి సరిగా పడలేదు. భీమన్న వంగి, ఆ ముడి విప్పి, తానే బిగించి కట్టాడు.

"సోమారం నీ కాడ ఉడకవెట్టుడు గద," అన్నాడు. "ఎన్నిటికి రమ్మంటవ్?"