ఎడమచేతి కుట్టు

ఇంగ్లీష్ హార్బర్ అనే పాత ఓడరేవులో నలభై ఏళ్లుగా తెరచాపలు కుడుతున్న అవెరిల్, తను పనిచేసే కుట్టుపాకకు నాలుగడుగుల దూరంలో ఉన్న మ్యూజియంలో ఒక్కసారైనా కాలు పెట్టలేదు. ఎవరైనా రమ్మంటే, "ఆ దొరల టోపీలూ కత్తులూ నేను చూసేదేంటి?" అనేది.

ఆ మంగళవారం మ్యూజియం చూసుకునే ఆస్బర్ట్ తానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆంటీ, పాత గోదాం నేల బాగుచేస్తుంటే పలకల కింద తెరచాప ముక్క దొరికింది. రెండొందల ఏళ్లనాటిది. ఏ వైపు పైకి పెట్టాలో మాకెవరికీ తెలీట్లేదు. ఒక్కసారి రావూ?"

"అంత చదివావు, గుడ్డకి తలెక్కడో తోకెక్కడో తెలీదా?" అంటూనే లేచింది.

లోపల రాతిగోడల చల్లదనం. మనిషెత్తు లంగర్లను దాటుకుంటూ ఆమె తలైనా తిప్పకుండా బల్ల దగ్గరికి నడిచింది. తేనెరంగుకు మాగిన గుడ్డ. కళ్లజోడు పెట్టుకుని, "ఇదీ పైఅంచు," అంది. పని అయిపోయింది. కానీ ఆమె కదల్లేదు. ఇంకా వంగి, కుట్ల మీదుగా వేలిని గాల్లోనే నడిపింది. ఒక్క కుట్టూ పెద్దది కాదు, ఒక్కటీ చిన్నది కాదు.

"ఆస్బర్ట్, ఈ మనిషిది ఎడమచేతి వాటంరా."

"నీకెలా తెలిసింది?"

"ఎటు వాలాయో చూడు. కుడిచేతివాళ్లవి ఇలా వాలవు. నావి వాలతాయి. అవెరిల్ కుట్టు అద్దంలో చూసినట్టుంటుందని పాకలో నన్ను ఆడిపోసుకునేది అందుకే."

ఆస్బర్ట్ కూడా కుట్ల మీదికి వంగి చూశాడు. "అప్పుడిక్కడ పనిచేసింది చాలావరకు మనవాళ్లే, ఆంటీ. దొరలు బానిసలుగా పట్టి తెచ్చినవాళ్లు. ఇది కుట్టిందెవరో ఎక్కడా రాసి లేదు."

అవెరిల్ స్టూలు అడిగి కూర్చుంది. సూదిని తోసి తోసి తన ఎడమ అరచేతిలో కాయకాసిన చోటును బొటనవేలితో తడుముకుంది. ఆ మనిషికీ సరిగ్గా ఇక్కడే కాసి ఉంటుందనిపించింది.

"చిరిగిన చోట మళ్లీ ఎంత ఓపిగ్గా కలిపారో చూడు," అంది గుసగుసగా, పక్కనెవరో నిద్రపోతున్నట్టు.

"దీని పక్కన పెట్టే చీటీ మీద ఏం రాయమంటావ్?"

"ఎడమచేతి వాటమని రాయి. పనిలో నాకంటే గట్టి మనిషని కూడా రాయి."

మొదటి మాటే రాశాడు. రెండోది ఆమె మర్నాడు పాకలోని కుట్టుపనివాళ్లందర్నీ వెంటబెట్టుకొచ్చి, గుమ్మంలో కాళ్లు తుడిపించి మరీ, తన నోటితోనే చెప్పింది.