ఎల్డర్ ఫోర్క్‌లో మెజారిటీ

డ్వేన్ జీతం మీద సుధాకరరావుకు ఎప్పుడూ కన్ను కుట్టలేదు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే పని, అతనికి మాత్రం రెట్టింపు జీతం. పోనీలే అనుకున్నాడు. దోహా పక్కన అల్ వుకైర్‌లో ఇద్దరూ ఉండే కాంపౌండులో డ్వేన్‌కి మూల మీది పెద్ద విల్లా ఇచ్చారు. దానికీ ఏడవలేదు. ఆయన కుళ్ళంతా డ్వేన్ ఓటు మీదే.

డ్వేన్‌ది అమెరికాలో ఎల్డర్ ఫోర్క్ అనే చిన్న ఊరు. ఓటర్లు పట్టుమని వెయ్యిమంది లేరు. ఆ ఊరి బ్యాలెట్ దోహాలో ఉన్న ఇతని ఈమెయిల్‌కి వస్తుంది. ప్రింటు తీసి, గుర్తు పెట్టి, సంతకం చేసి కొరియర్‌లో పడేస్తే చాలు. దేశాధ్యక్షుడి నుంచి ఊరి స్కూలు కమిటీ దాకా అన్నీ అందులోనే. ఇంత భాగ్యం పెట్టుకుని ఆ మహానుభావుడు రెండుసార్లు మర్చిపోయాడట! నవ్వుతూ చెప్పాడు కూడా. ఆ రోజు సుధాకరరావుకు అన్నం సయించలేదు.

ఎలా సయిస్తుంది? కుర్రతనంలో తెనాలి దగ్గర తన ఊళ్ళో ఆయన పోలింగ్ ఏజెంటు. ఓటరు జాబితాలో ఇంటింటికీ టిక్కో, ఇంటూవో పెట్టి, లెక్కింపుకు ముందే మెజారిటీ చెప్పేవాడు. ఇంటి పెద్ద ఎటో ఇల్లంతా అటే అన్నది ఆయన సూత్రం. పది ఓట్లకు మించి ఎప్పుడూ తేడా రాలేదు. అలాంటివాడి వేలి మీద సిరా చుక్క పడి పంతొమ్మిదేళ్ళయింది. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఓటు వేయాలంటే ఊరెళ్ళి బూత్‌లో నిలబడాల్సిందే. కిందటి ఎన్నికలకు సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. ఎండలో రెండు గంటలు లైన్లో నిలబడ్డాక లోపల ఏజెంటుగా కూర్చున్న పాత మిత్రుడు రామాంజులు తల అడ్డంగా ఊపాడు.

"నీ పేరు తీసేశారురా. ఊళ్ళో ఉండట్లేదు కదా" అన్నాడు.

అప్పటి నుంచి ఆ కసంతా ఎల్డర్ ఫోర్క్ మీదికి మళ్ళింది. శుక్రవారం పొద్దున్నే కరక్ చాయ్ పోసి డ్వేన్‌ని కూర్చోబెట్టి, ఊరి గుట్టంతా లాగాడు. రైలు పట్టాలకు పడమటి వీధులు మొదటి నుంచీ ఒకే పార్టీవి. తూర్పున పిండిమిల్లు కార్మికులు నలభై ఏళ్ళు రెండో పార్టీకే వేశారు. మిల్లు మూతపడ్డాక కొంపలు కొంపలుగా ఇటు జారారు. ఆరు ఎన్నికల ఫలితాలు ఇంటర్నెట్‌లో వెతికి, వీధులవారీగా ఎక్సెల్ షీటు తయారు చేశాడు. ఆ ఊరి గురించి డ్వేన్ కన్నా ఆయనకే బాగా తెలుసు. ఓటు మాత్రం డ్వేన్‌ది.

అక్టోబరులో ఒక శుక్రవారం డ్వేన్ ఫోను పట్టుకుని వచ్చాడు. తన ప్రింటరు పాడైందట. సుధాకరరావు ప్రింటరులోంచి వెచ్చగా వచ్చిన బ్యాలెట్ ఆయన చేతిలోనే పడింది. దాన్ని ఇచ్చెయ్యడానికి ఆయన వేళ్ళు ఒప్పుకోలేదు.

డ్వేన్ ఆఖరి ప్రశ్న చూపించాడు. కొద్దిపాటి పన్నుతో ఊరి లైబ్రరీని నిలబెట్టాలా, మూసెయ్యాలా?

"ముప్పై ఏళ్ళుగా మా అమ్మ నడుపుతోంది. ఈ ఒక్కదాని కోసమే పంపాలనుంది. కానీ కొరియర్‌కి పక్క ఊరు వక్రా దాకా పోవాలి. అంత అవసరమంటావా, రావ్? మా ఊరు నీకే బాగా తెలుసు" అన్నాడు.

సుధాకరరావు షీటు తెరిచాడు. పట్టాలకు ఇటు టిక్కులు, అటు ఇంటూలు, ఇల్లు ఇల్లంతా ఒకే లెక్క. గెలుస్తామని ఓటరుకు చెప్పకూడదు, చెబితే బూత్‌కే రాడన్నది ఏజెంటుకి మొట్టమొదటి పాఠం. అది ఆయనకు బాగా గుర్తుంది. గుర్తుండే చెప్పాడు.

"అరవై ఓట్ల మెజారిటీతో గెలుస్తుంది. నీ ఓటు అక్కర్లేదు."

డ్వేన్ హాయిగా చాయ్ తాగేసి, కాగితాలు అక్కడే వదిలేసి ఈతకు వెళ్ళిపోయాడు. సుధాకరరావుకు కడుపులో చల్లగా ఉంది. తనకు లేని ఓటు ఈసారి వాడికీ లేదు.

వంటింట్లోంచి భార్య వసుంధర వచ్చి నిలబడింది.

"మంచాన పడ్డ మా మేనత్తని రిక్షా ఎక్కించి మరీ ఓటు వేయించిన మనిషి మీరేనా అండీ?"

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాడాయన, కాగితాలు సొరుగులో తోసేస్తూ.

నవంబరులో డ్వేన్ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు. అటు నాలుగొందల పన్నెండు, ఇటు నాలుగొందల పన్నెండు. సమానమైతే పన్ను ఓడినట్టే, లైబ్రరీ మూసినట్టే. ఆ ఊళ్ళో మొగుడు ఒకటి వేస్తే పెళ్ళాం ఇంకోటి వేసిందట, చాలా ఇళ్ళల్లో.

"నీ బ్యాలెట్ అందలేదేమని అమ్మ అడిగింది. పోస్టు ఆలస్యమైందని చెప్పా" అన్నాడు డ్వేన్. "నీ తప్పేం లేదు రావ్. ఎవరి లెక్కయినా తప్పుతుంది." సుధాకరరావు భుజం తట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

సుధాకరరావు సొరుగు తీసి ఆ కాగితాల ముందు కూర్చున్నాడు. ఆఖరి ప్రశ్న పక్కన రెండు గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి.

"ఏమైందండీ వాళ్ళ లైబ్రరీ?" అంది వసుంధర.

"ఓడిపోయింది."

"ఎన్ని ఓట్లతో?"

ఆయన ఖాళీ గడి మీద వేలు ఆనించాడు.

"ఒక్క ఓటు" అన్నాడు. "అది నేను వేసిందే."