ఖాళీ అన్న మాట

దేవుడి గది తుడిచేటప్పుడు అది భక్తో, పనో నాకు ఇరవై ఏళ్లుగా తేలలేదు. భక్తే అయితే, వంటగది తుడిచేటప్పుడు కూడా ఆయన చూస్తూనే ఉంటాడు కదా, దాన్నేమంటాడు?

ఆ సందేహమే ఇప్పుడు కంప్యూటర్‌లోంచి ఎదురొచ్చింది. ఆర్నెల్లుగా ఇంట్లోంచే ఒక కంపెనీకి ఫొటోలు చూసిపెడుతున్నాను. ఫొటోలో మనిషి ఏం చేస్తున్నాడో చూసి మూడు గడుల్లో ఒకటి నొక్కాలి: పని, విశ్రాంతి, ఖాళీ. మేం నొక్కింది చూసి యంత్రం నేర్చుకుంటుంది. రేపు ఎవరు పనిచేసేవాళ్లో, ఎవరికి సాయం అందాలో అదే తేలుస్తుందట. “బొమ్మలు చూసి బటన్ నొక్కడం కూడా ఉద్యోగమేనా? సర్లే, ఖాళీగానే ఉన్నావుగా, చేసుకో,” అన్నారు మావారు, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ.

ఈ ఉదయం ఒక ముసలావిడ ఫొటో వచ్చింది. గుమ్మంలో కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని గింజల్లో రాళ్లు ఏరుతోంది. ‘పని’ నొక్కాను. ఎర్రగీత పడింది. ఇంటి దగ్గర కూర్చున్న స్త్రీ అంటే ‘ఖాళీ’ అట. ఇది నా రెండో తప్పు. మూడోది పడితే తీసేస్తారు. సరిదిద్దమని అదే ఫొటో మళ్లీ వచ్చింది. సూపర్‌వైజరమ్మాయికి ఫోన్ చేశాను.

“రూలు పైనుంచి వచ్చింది మేడమ్.”

“పైనుంచంటే? నాకు తెలిసి పైన దేవుడొక్కడే ఉన్నాడమ్మా.”

నవ్వింది. “అంత పైనుంచి కాదు లెండి. ఎవరు రాశారో మాకూ తెలీదు.”

“మరి తప్పని ఎవరితో చెప్పాలి?”

“ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడమ్. కింద ‘అభిప్రాయం’ అని ఒక గడి ఉంది చూడండి. అది ఎవరు చదువుతారో మాత్రం నన్నడక్కండి.”

ఆ రూలు రాసినాయన ఎలాంటివాడా అని ఆలోచించాను. ఎప్పుడైనా గింజలు ఏరి ఉంటాడా? అన్నంలో రాయి తగిలినప్పుడు మాత్రం “ఇదేం పని?” అని అడిగే ఉంటాడు. అంటే రాయి ఉంటే పని, లేకపోతే ఖాళీ. నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

నా పెళ్లయిన కొత్తలో జనాభా లెక్కలాయన వచ్చి, “మీ అత్తగారు ఏం చేస్తారు?” అని అడిగితే, “ఏం చెయ్యరు, ఖాళీయే,” అన్నాను. వెనక అంట్లు తోముతున్న అత్తయ్య విన్నారు. “ఉండండి బాబూ, ఆ ఖాళీని నేనే. చేతులు కడుక్కుని వస్తున్నా,” అన్నారు. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. యంత్రానికి ఈ మాట నేర్పిందెవరా అని ఇంతసేపూ వెతుకుతున్నానే, అందులో నేనూ ఉన్నాను.

‘అభిప్రాయం’ గడిలో రాశాను: “ఈవిడ లేచి వెళ్లిపోతే ఆ ఇంట్లో ఏమేం ఆగిపోతాయో చూడండి. అప్పుడు పేరు పెట్టండి.” మళ్లీ ‘పని’ నొక్కాను. మూడో ఎర్రగీత పడింది.

వరండాలో అత్తయ్య ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు.

“అత్తయ్యా, ఆ రోజు లెక్కలాయనకి తప్పు చెప్పాను. మీరు ఖాళీ కాదు.”

ఏ రోజని ఆవిడ అడగలేదు. మోకాలి మీద దుప్పటి మడత సరిచేసుకుంటూ, పక్కకి జరిగి నాకు చోటిచ్చారు.

“ఆ మాట చెప్పడానికి ఇప్పటికి ఖాళీ దొరికిందామ్మా నీకు?”